ఏతంలా లేచే ఫిరంగి: మాంక్రీఫ్ బండి నమూనా, పని డైరీ

ఇదే పని ఇంకెవరైనా మొదలుపెడితే, నేను పాడు చేసుకున్న ఇనుము, సమయం వాళ్లు పాడు చేసుకోకూడదని ఈ డైరీ పెడుతున్నాను. చేసింది మాంక్రీఫ్ ఫిరంగి బండికి 12వ వంతు నమూనా. అసలు బండిని 1868లో ఇంగ్లండ్‌లోని షూబరీనెస్ ప్రయోగ మైదానంలో పరీక్షించారు. నా నమూనా పేలదు. మూతి మీద దెబ్బ తగిలితే వెనక్కి దొర్లి గోడ చాటుకి దిగుతుంది, అక్కడే ఆగుతుంది. మీట వదిలితే మళ్లీ గోడ మీదికి లేస్తుంది.

పని చేసిన చోటు విశాఖలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు. నేను ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. సాయం మా మేనల్లుడు, పాలిటెక్నిక్ రెండో ఏడాది.

దశ 0: ఎందుకు ఈ బండే (11 గంటలు)

1859 మే 12న బ్రిటన్ యుద్ధ మంత్రి జొనాథన్ పీల్ జిల్లాల అధికారులకు ఒక సర్క్యులర్ పంపాడు. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లతో తుపాకీ దళాలు, తీర పట్టణాల్లో అయితే ఫిరంగి దళాలు పెట్టుకోవచ్చని దాని సారాంశం. ఫ్రాన్స్ దండెత్తి వస్తుందన్న భయం అప్పుడు దేశమంతా ఉంది. ఆ నవంబరులోనే ఫ్రాన్స్ వాళ్ల ఇనుప కవచం ఓడ లా గ్లోయిర్ నీళ్లలోకి దిగింది. మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్ల వారియర్ దిగింది. గుమాస్తాలు, దుకాణాలవాళ్లు, చేతిపనులవాళ్లు పగలు తమ పని చేసుకుని సాయంత్రం ఫిరంగి డ్రిల్లుకు వెళ్లేవారు. వాళ్ల చేతికి ఎక్కువగా వచ్చినవి 32 పౌండ్ల గుండు వేసే పాతకాలపు నున్న గొట్టాల ఫిరంగులు, అంటే లోపల మరలు లేనివి. తర్వాత పాలిజర్ పద్ధతిలో మార్చినవి వచ్చాయి. అంటే పాత పోత ఇనుము గొట్టాన్ని లోపల తొలిచి, మరలు కోసిన దుక్క ఇనుము గొట్టం దూర్చినవి. 1865 నుంచి షూబరీనెస్‌లో ఈ వాలంటీర్ల గురి పోటీలు ఏటా జరిగాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ నమూనా మొత్తం ఆ చిక్కు చుట్టూనే తిరుగుతుంది. అప్పటికే ఇంగ్లండ్ ఇంజనీరు ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక నుంచి గుండు పెట్టే ఫిరంగి చేశాడు. కానీ 1863లో జపాన్‌లోని కగోషిమా మీద దాడిలో పెద్ద ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగుల వెనక మూతలు ఊడి ఎగిరిపోయాయి. దాంతో బ్రిటన్ మళ్లీ మూతి నుంచి నింపే ఫిరంగులకే వెళ్లింది. మూతి నుంచి నింపాలంటే మనిషి ఫిరంగి ముందుకి రావాలి. ఫిరంగి గోడ మీద ఉంటే ఆ మనిషి శత్రువు ఓడకి ఎదురుగా నిలబడినట్టే. గోడలో కంత పెట్టి అందులోంచి కాలిస్తే, ఆ కంతలోంచే శత్రువు గుండు లోపలికి వస్తుంది.

అలెగ్జాండర్ మాంక్రీఫ్ ఎడిన్‌బరో మనిషి, మిలీషియా ఫిరంగి దళంలో అధికారి, అంటే వృత్తి సైనికుడు కాదు. క్రిమియా యుద్ధంలో సెవాస్టొపోల్ ముట్టడిని కళ్లారా చూశాడు. కంతల దగ్గర మనుషులు ఎలా పోతున్నారో చూశాక, ఫిరంగి పేలిన దెబ్బతోనే అది గోడ చాటుకి దిగిపోవాలని, దింపిన ఆ బలమే దాచుకుని మళ్లీ పైకి లేపాలని ఆలోచించాడు. మన ఏతం గుర్తు తెచ్చుకోండి: ఒక కొసన బాన, రెండో కొసన బరువు. ఇక్కడ బాన బదులు 7 టన్నుల ఫిరంగి.

ఈ దశలో చేసినవి:

1. 12వ వంతు కొలత ఎంచుకున్నాను. అడుగుకి అంగుళం, లెక్క సులువు.
2. 7 అంగుళాల బోర్ (గొట్టం లోపలి రంధ్రం), 7 టన్నుల ఫిరంగి తీసుకున్నాను. బ్రిటన్‌లోని ఫ్లాట్ హోమ్ దీవిలో మాంక్రీఫ్ బండ్ల గుంటల్లో పెట్టినవి ఈ 7 అంగుళాల ఫిరంగులే.
3. అట్టముక్కతో బండి పక్క ఆకారం కోసి, బల్ల మీద దొర్లించి చూశాను.

బరువు లెక్క: బ్రిటన్ టన్ను 1,016 కిలోలు, 7 టన్నులంటే 7,112 కిలోలు. 12 × 12 × 12 తో భాగిస్తే 4.1 కిలోలు. నమూనా గొట్టం ఇంత తూగాలి.

*ఇప్పటిదాకా: రూ. 140, 11 గంటలు.*

దశ 1: గొట్టం (16 గంటలు, ఒక తొడుగు వృథా)

ముందే ఒక మాట. మన దేశంలో ఆయుధాల చట్టం ఉంది, ఇంట్లో పిల్లలు ఉంటారు. బోర్ 80 మి.మీ. లోతులోనే ఆపేశాను. వెనక మందు అంటించే రంధ్రం వేయలేదు. ఇది చేసేవాళ్లు కూడా అలాగే చేయండి. ఈ నమూనాలో చూడాల్సింది బండి పని, గొట్టం నుంచి మనకు కావాల్సింది బరువే.

అసలు 7 అంగుళాల ఫిరంగి ఒకే దిమ్మ కాదు. లోపల ఉక్కు గొట్టం, దాని మీద దుక్క ఇనుము చుట్లు. ఎర్రగా కాల్చిన కడ్డీని తీగ చుట్టినట్టు చుట్టి, అతికి, గొట్టంగా చేసి, వేడి మీద ఉక్కు గొట్టానికి తొడిగేవారు. చల్లారాక అది బిగుసుకుని లోపలి గొట్టాన్ని నొక్కిపడుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ పద్ధతిలో సన్నటి చుట్లు చాలా ఉండేవి. వూలిచ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఫ్రేజర్ వాటిని తగ్గించి మందంగా, తక్కువ ఖర్చులో చేశాడు. నేనూ ఒక గొట్టం, ఒక తొడుగుగా చేద్దామనుకున్నాను.

కొలతలు: గొట్టం పొడవు 300 మి.మీ., వెనక సగం 40 మి.మీ. వ్యాసం, మూతి దగ్గర 30. తొడుగు 120 మి.మీ. పొడవు, బయట 63. తొడుగు లోపలి రంధ్రం 39.96 మి.మీ., అంటే 0.04 బిగుతు.

మొదటి ప్రయత్నం పాడైంది. తొడుగుని స్టవ్ మీద పెట్టి, చాలు అనిపించాక దించి తొడిగాం. 35 మి.మీ. వెళ్లి ఇరుక్కుపోయింది. సుత్తితో కొట్టినా కదల్లేదు. తర్వాత చూస్తే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో ఇంకో ముక్క అంతే సేపటికి 118 డిగ్రీలే చూపించింది. లెక్క వేయకుండా దిగడం నా తప్పు. ఉక్కు డిగ్రీకి మీటరుకి 0.012 మి.మీ. వ్యాకోచిస్తుంది. 40 మి.మీ. మీద 85 డిగ్రీల తేడాకి వచ్చేది 0.041. బిగుతు 0.04 కి అది సరిగ్గా సరిపోయింది, ఖాళీ ఏమీ మిగల్లేదు.

లేత్ షాపులో తొడుగుని తురిమి తీయించి మళ్లీ మొదలు. లేత్ మేస్త్రి, "ఇంత చిన్న దానికి తొడుగెందుకండీ, ఒకే రౌండ్ బార్‌లో దించేద్దాం" అన్నాడు. ఆయన చెప్పింది ఖర్చు పరంగా సరైన మాటే. కానీ ఆ పనివాళ్లు పడ్డ కష్టం చేతికి తెలియాలన్నదే నా పట్టుదల.

రెండోసారి:

1. ఎలక్ట్రిక్ ఓవెన్‌లో 233 డిగ్రీలు వచ్చేదాకా 40 నిమిషాలు ఉంచాం. ఇంటి వంటకు వాడే ఓవెన్ వాడొద్దు.
2. గొట్టాన్ని నిలువుగా వైస్‌లో బిగించి, ఆగాల్సిన చోట కాలర్ పెట్టాం.
3. తోలు గ్లవ్స్‌తో ఒకే ఊపులో వదిలాం. 3 సెకన్లలో కూర్చుంది.

200 డిగ్రీల తేడాకి 0.096 వ్యాకోచం. బిగుతు పోగా 0.056 ఖాళీ. ఇంత ఉంటే చాలు.

చివరి బరువు 4.17 కిలోలు. ఇరుసు దిమ్మలు కలిపితే 4.3.

*ఇప్పటిదాకా: రూ. 3,270, 27 గంటలు.*

దశ 2: దొర్లే పక్కలు (22 గంటలు, ప్లైవుడ్ వృథా)

మాంక్రీఫ్ బండిలో ఫిరంగిని మోసే రెండు నిలువు పక్కల అడుగు అంచు వంపుగా ఉంటుంది, ఊగుడు కుర్చీ కాళ్లలా. పైన ఫిరంగి, కింద రెండు పక్కల మధ్య బరువు. ఫిరంగి వెనక్కి పోతే పక్కలు దొర్లుతాయి, బరువు లేస్తుంది.

నా కొలతల్లో వంపు కేంద్రం నుంచి ఫిరంగి ఇరుసు 140 మి.మీ. పైన, బరువు కేంద్రం 75 మి.మీ. కింద. 80 డిగ్రీలు దొర్లితే ఫిరంగి 116 మి.మీ. దిగుతుంది. అసలు సైజులో 1.4 మీటర్లు.

18 మి.మీ. ప్లైవుడ్‌తో చేసిన మొదటి జత దొర్లలేదు, జారింది. మూతి మీద చేత్తో గట్టిగా తోస్తే పక్కలు పట్టా మీద 30 మి.మీ. వెనక్కి జారి, ఆ తర్వాతే దొర్లడం మొదలైంది. ఇసుక కాగితం అంటించి చూశాను, నాలుగు దెబ్బలకి ఊడింది. రబ్బరు అంటిస్తే పట్టు బాగుంది గానీ దొర్లడం బరువెక్కింది.

పళ్లు కావాలి. పళ్ల పట్టీ మిల్లింగ్ చేయిస్తే ఖర్చు నా మొత్తం బడ్జెట్‌లో సగం. మేనల్లుడు సైకిల్ చైన్ తెచ్చి బల్ల మీద పరిచి, "మావయ్యా, పట్టా మీద ఇది వేసేద్దాం, పక్కకి స్ప్రాకెట్ పళ్లు కోయిద్దాం" అన్నాడు. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే మంచి సలహా అదే.

1. సైకిల్ చైన్ పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 12.7 మి.మీ. 54 పళ్ల చక్రం లెక్కన వంపు వ్యాసార్థం 109.2 మి.మీ. వచ్చింది. నేను ముందు అనుకున్న 110కి దగ్గరే.
2. మొత్తం చక్రం అక్కర్లేదు. 80 డిగ్రీలకి 12 పళ్లు చాలు, అటూ ఇటూ కలిపి 20 కోయించాను.
3. 8 మి.మీ. ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) ప్లేట్, లేజర్ కటింగ్, రెండు ముక్కలు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఇరుసు రంధ్రాలు కలిపి వేయించండి. విడిగా వేయిస్తే పక్కకి లాగుతుంది.
4. చైన్‌ని ప్రతి ఐదో లింకు దగ్గర స్క్రూతో బిగించాను. మొదట రెండు చివర్లే బిగిస్తే మధ్యలో చైన్ లేచి పన్ను ఎక్కింది.

ఫిరంగి దిగుతున్నప్పుడు మూతి ఆకాశం వైపు తిరిగిపోయింది. గొట్టం వెనక నుంచి బండి వెనక దాకా ఒక కడ్డీ, రెండు కొసలా పిన్నుతో, పెట్టాక అది సమంగానే ఉండి దిగింది.

*ఇప్పటిదాకా: రూ. 6,960, 49 గంటలు.*

దశ 3: బరువు (9 గంటలు)

సీసం కరిగించి పోయమని చాలామంది చెప్పారు. ఇంట్లో సీసం పొగ వద్దు. పైగా పోసిన దిమ్మ బరువు మార్చలేం. 140 × 70 × 10 మి.మీ. ఎంఎస్ ప్లేట్లు 17 కోయించాను, ఒక్కోటి 0.77 కిలో. రెండు స్టడ్ల మీద గుచ్చి నట్లతో బిగించడమే. ఎప్పుడూ బేసి సంఖ్యలో వేశాను: మధ్యలో ఒకటి, అటూ ఇటూ సమంగా. అలా చేస్తే బరువు కేంద్రం కదలదు.

ఇక్కడ ఒక కొలత మర్చిపోయాను. దిమ్మ మూల, వంపు కేంద్రం నుంచి 133 మి.మీ. దూరంలో ఉంది. వంపు వ్యాసార్థం 109. అంటే దొర్లేటప్పుడు మూల పట్టా మట్టం కంటే 24 మి.మీ. కిందికి దిగాలి. దిగడానికి చోటు లేక చెక్కకి గుచ్చుకుని బండి మొత్తం ఆగిపోయింది. పట్టాలని 30 మి.మీ. ఎత్తు యాంగిల్ మీదికి లేపాను, మధ్యలో ఖాళీ వదిలాను.

ఇప్పుడు అసలు విషయం. చేత్తో నెమ్మదిగా వెనక్కి తోస్తే మొదట ఏ బరువూ తెలియదు, ఫిరంగి వెన్నలా వెళ్తుంది. పోనుపోను బరువు పెరుగుతుంది. కారణం చూడండి. ఫిరంగి పైకి ఉన్నప్పుడు బరువు, పక్కలు పట్టాని తాకే చోటుకి సరిగ్గా పైనే ఉంది. దొర్లే కొద్దీ తాకే చోటు వెనక్కి జరుగుతుంది, బరువు ముందుకి పోతుంది, రెంటి మధ్య దూరం పెరుగుతుంది. ఆనే బిందువు తనంతట తానే కదిలే ఏతం ఇది. పేలిన క్షణంలో దెబ్బ బండి మీదా పునాది మీదా పడకుండా ఫిరంగి స్వేచ్ఛగా వెళ్తుంది, తర్వాత మెల్లగా ఆగుతుంది. పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు నాకిది అర్థం కాలేదు. చెయ్యి పెట్టాక అర్థమైంది.

*ఇప్పటిదాకా: రూ. 8,500, 58 గంటలు.*

దశ 4: దెబ్బ (14 గంటలు)

మందు లేకుండా పేలుడు దెబ్బ ఎలా? లోలకం సుత్తి. కానీ ఎంత దెబ్బ కొట్టాలో లెక్క లేకుండా కొడితే పరీక్షకి అర్థం ఉండదు.

అసలు ఫిరంగి గుండు సుమారు 115 పౌండ్లు, 52 కిలోలు. వేగం సెకనుకు దాదాపు 1,500 అడుగులు. మందు గ్యాసుల తోపు కూడా కలుపుకుంటే 7 టన్నుల ఫిరంగి సెకనుకు 4 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. నమూనాలో ఇదే వేగం పెట్టకూడదు. భూమి ఆకర్షణని 12వ వంతుకి తగ్గించలేం కాబట్టి వేగాన్ని 12 వర్గమూలంతో, అంటే 3.46తో భాగించాలి. అప్పుడు 1.15 మీటర్లు వస్తుంది. ఈ ఒక్క మాట ఎవరూ వదిలేయొద్దు.

సుత్తి 3 కిలోలు, ముఖానికి రబ్బరు. లెక్క ప్రకారం 19 సెం.మీ. ఎత్తు నుంచి వదలాలి. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ తీసి, వెనక స్కేలు పెట్టి కొలిచాం.

- 19 సెం.మీ.: 10 ఫ్రేముల్లో 44 మి.మీ. అంటే 1.06 మీటర్లు. తక్కువ.
- 22 సెం.మీ.: 10 ఫ్రేముల్లో 48 మి.మీ. అంటే 1.15. సరిపోయింది.

తేడా ఎందుకంటే నేను ఫిరంగి బరువొక్కటే లెక్కేశాను. పక్కలూ దిమ్మా కూడా కొంచెం తిరుగుతాయి కదా, వాటికీ బలం కావాలి.

ఒక ప్రమాదం తప్పింది. మొదటి దెబ్బ తర్వాత సుత్తి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. అదే సమయానికి ఫిరంగి పైకి లేస్తోంది. మూతి, సుత్తి ఎదురెదురుగా కొట్టుకున్నాయి. మేనల్లుడి చెయ్యి అరచెయ్యి దూరంలో ఉంది. అప్పటి నుంచి సుత్తికి తాడు కట్టి, దెబ్బ తగలగానే లాగి కొక్కేనికి తగిలిస్తున్నాం. బండికి మూడడుగుల లోపు ఎవరి చేతులూ ఉండవు.

బరువు మార్చి చూసిన ఫలితాలు, అన్నీ 22 సెం.మీ. దెబ్బకి:

- 13 ప్లేట్లు, 10 కిలోలు: ఫిరంగి చివరిదాకా వచ్చి వెనక చెక్కని గుద్దింది. ఆరో దెబ్బకి చెక్క నిలువునా చీలింది.
- 17 ప్లేట్లు, 13.1 కిలోలు: 66 డిగ్రీల దగ్గర ఆగిపోయి, పట్టు దొరకక మళ్లీ పైకి వచ్చేసింది. నింపేవాళ్లు గోడ చాటున నిలబడి చూస్తుండగా ఫిరంగి తిరిగి శత్రువు కంటికి కనబడినట్టు.
- 15 ప్లేట్లు, 11.55 కిలోలు: 80 డిగ్రీలకి మెల్లగా వచ్చి ఆగింది.

కాగితం మీద కూడా ఇది సరిపోతుంది. దెబ్బ శక్తి 2.84 జౌళ్లు. 15 ప్లేట్లు లేవడానికి పట్టేది 2.14, మిగతాది రాపిడికి పోతుంది. 13తో 1.2 జౌళ్లే దాగుతుంది, మిగిలినదాంట్లో చాలా భాగం చెక్క మీద పడింది.

11.55 కిలోలని అసలు సైజుకి పెంచితే దాదాపు 20 టన్నులు. ఇది నా కొలతల లెక్క. అయినా 7 టన్నుల ఫిరంగిని దాచడానికి దానికి దాదాపు మూడు రెట్ల ఇనుము కింద వేలాడాలన్నది తేలింది. ఈ పద్ధతి భూమి మీద కోటలకే సరిపోయిందనీ, ఫిరంగులు బరువెక్కే కొద్దీ మోయలేనిదైందనీ చదివినప్పుడు ఊరికే తల ఊపాను. ప్లేట్లు ఎత్తి దించాక నడుము ఒప్పుకుంది. 1880లలో ఎల్స్‌విక్ వాళ్లు, అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ఫ్యాక్టరీ వాళ్లు, బరువు తీసేసి నీరు, గాలి ఒత్తిడితో లేచే బండ్లు చేశారు. న్యూజిలాండ్‌లో డునెడిన్ దగ్గర టయారోవా హెడ్‌లో అలాంటి 6 అంగుళాల ఫిరంగి ఇప్పటికీ ఉంది.

*ఇప్పటిదాకా: రూ. 9,330, 72 గంటలు.*

దశ 5: పట్టు, బ్రేకు (17 గంటలు)

ఎక్కువ రోజులు తిన్నది ఈ దశే.

పట్టు కోసం పట్టా పక్కన రంపం పళ్ల పట్టీ, పిచ్ 12 మి.మీ. వంపు కేంద్రంలోని ఇరుసుకి వేలాడే చిన్న ఫ్రేమ్, దానికి ఒక నాలుక. వెనక్కి వెళ్లేటప్పుడు నాలుక పళ్ల మీద టకటకా జారుతుంది, ముందుకి రాబోతే పన్నులో పడుతుంది. ఆగిన చోట నాలుక మీద పడే బలం 2.4 కిలోలే, విరిగే భయం లేదు.

40 దెబ్బలు కొట్టాం. 29 సార్లు పట్టింది, 11 సార్లు వదిలేసింది. స్లోమోషన్‌లో చూస్తే రెండు కారణాలు. నాలుక ఒక్కోసారి పన్ను కొన మీద ఆగి జారిపోతోంది. పట్టినప్పుడు కూడా ముందుగా 12 మి.మీ. దాకా వెనక్కి వదిలేస్తోంది, ఆ కుదుపుకి నాలుక ఎగురుతోంది.

మార్చినవి:

1. రెండో నాలుక పెట్టాం, మొదటిదాని కంటే అర పిచ్ వెనక, 6 మి.మీ. తేడాతో. ఒకటి పన్ను కొన మీద ఉంటే రెండోది లోయలో ఉంటుంది.
2. నాలుకలకి బలహీనమైన స్ప్రింగ్. బలమైనది పెడితే వెనక్కి వెళ్లేటప్పుడు రాపిడి పెరిగి 80 డిగ్రీలు చేరలేదు.
3. పళ్ల కొనలు ఫైలుతో పదును చేశాం.

మళ్లీ 40 దెబ్బలు. 39 పట్టింది. ఆ ఒక్కటి పళ్లలో పడిన ఇనుప రజను వల్ల. తుడిచాక ఇంకో 20 కొడితే 20 పట్టింది.

ఇక లేవడం. నాలుకలు ఎత్తగానే 2.14 జౌళ్లు ఒక్కసారి బయటికొస్తాయి. ఫిరంగి అర సెకను లోపే పైకి ఎగిరి ముందు ఆపుని ఠాప్‌మని కొట్టింది. నిజం సైజులో 7 టన్నులు అలా లేస్తే మనుషులు దగ్గర ఉండలేరు. ఇరుసు మీద 60 మి.మీ. డ్రమ్ము, చుట్టూ పాత కారు సీట్ బెల్ట్ పట్టీ, కొసన మీట. మొదట సైకిల్ ట్యూబ్ రబ్బరు వాడాను, అది పట్టి వదిలి పట్టి వదిలి ఫిరంగి మెట్లు ఎక్కినట్టు లేచింది. సీట్ బెల్ట్‌తో నున్నగా 2.5 సెకన్లలో లేస్తుంది. 3.46తో గుణిస్తే అసలు సైజులో 9 సెకన్ల లోపే.

*ఇప్పటిదాకా: రూ. 10,300, 89 గంటలు. మొత్తం దెబ్బలు: 137.*

దశ 6: గోడ, అద్దం, అట్ట మనిషి (6 గంటలు, ఇంకా పూర్తి కాలేదు)

గోడ చాటున ఉండి గురి చూడటానికి మాంక్రీఫ్ అద్దం వాడాడు. నేను రెండు చిన్న అద్దాలు 45 డిగ్రీల్లో, ఒకటి పైన గొట్టం పక్కన, ఒకటి కింద. ఇది ఒక్క సాయంత్రంలో అయిపోయింది, సమస్య ఏమీ రాలేదు.

సమస్య అట్ట మనిషితో వచ్చింది. 5 అడుగుల 6 అంగుళాల మనిషి 12వ వంతులో 140 మి.మీ. అంత ఎత్తు బొమ్మ కత్తిరించి, దిగిన ఫిరంగి మూతి ముందు నిలబెట్టాను. మూతి బొమ్మ తల పైన ఉంది. నేల నుంచి మూతి మధ్య గీత 163 మి.మీ. బరువు దిమ్మ కోసం పట్టాలు 30 మి.మీ. లేపినప్పుడు ఈ మనిషి గుర్తుకు రాలేదు. 89 గంటలు ఇనుము చూస్తూ, ఎవరి ప్రాణం కోసం ఆ బండి పుట్టిందో ఆ మనిషినే కొలవలేదు. ఆ రాత్రి దీని గురించే ఆలోచించాను.

50 మి.మీ. ఎత్తు మెట్టు కట్టాను. ఇప్పుడు మూతి ఛాతీ ఎత్తులో ఉంది, తల 190లో ఉంది. గోడ పై అంచు నేల నుంచి 255. తల పైన 65 మి.మీ. గోడ ఉంది, అసలు లెక్కలో 78 సెం.మీ. మనిషి భద్రం.

తర్వాత రామర్ కర్ర. ఫిరంగి బోర్ లోతే 3 మీటర్ల పైన ఉంటుంది కాబట్టి, గుండుని అడుగుదాకా తోసే కర్ర నమూనాలో 275 మి.మీ. ఉండాలి. దిగిన ఫిరంగి మూతికీ గోడకీ మధ్య నాకున్న ఖాళీ 240. కర్ర మూతిలోకి తిన్నగా పోదు. గోడని 45 మి.మీ. ముందుకి జరిపాను, 285 వచ్చింది, కర్ర పోయింది. కానీ ఇప్పుడు లేచిన ఫిరంగి మూతి గోడ లోపలి అంచుని 5 మి.మీ. మాత్రమే దాటుతోంది. నిజంగా పేల్చి ఉంటే ఆ మంట, ఒత్తిడి గోడ తలనే పగలగొట్టేవి. ఈ నమూనాని చూసి చేసేవాళ్లు ఈ కొలత మాత్రం నా దగ్గర తీసుకోవద్దు.

నలుగురు పాలిటెక్నిక్ పిల్లలతో ఒక డ్రిల్ చేశాం. వాలంటీర్ల ఫిరంగి చుట్టూ ఉన్నవాళ్లకి పేర్లు ఉండేవి కావు, నంబర్లే. ఒకటో నంబరు ఆజ్ఞ ఇస్తాడు, మిగతావాళ్లకి తలా ఒక్క పని. మా క్రమం:

1. ఒకటో నంబరు "ఫైర్" అంటాడు. మేనల్లుడు సుత్తి వదిలి, తాడు లాగుతాడు.
2. రెండో నంబరు నాలుకలు పట్టాయా చూసి చెయ్యెత్తుతాడు. చెయ్యి లేవకుండా ఎవరూ ముందుకి రారు.
3. మూడో నంబరు రామర్ కర్ర తోస్తాడు.
4. నాలుగో నంబరు బ్రేకు మీట పట్టుకుంటాడు, అప్పుడే రెండో నంబరు నాలుకలు ఎత్తుతాడు.

మొదటిసారి 58 సెకన్లు, పదోసారి 21. మూడోసారి రెండో నంబరు చెయ్యెత్తకముందే మూడో నంబరు కర్రతో ముందుకి వచ్చాడు. అక్కడితో ఆపి, అందరినీ కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పగలంతా దుకాణంలో నిలబడి వచ్చి, చీకట్లో టన్నుల బరువు ఫిరంగి పక్కన ఈ క్రమం తప్పకుండా చేసినవాళ్ల మీద నాకు అంతకుముందు లేని గౌరవం వచ్చింది.

*ఇప్పటిదాకా: రూ. 10,610, 95 గంటలు. అందులో పారేసినవి: తొడుగు 290, ప్లైవుడ్ 420.*

మిగిలిన పని

గోడని మళ్లీ పాత చోటు వైపు తేవాలంటే ఫిరంగి ఇంకా వెనక్కి వెళ్లాలి. ఇరుసు ఎత్తు 140 నుంచి 165 మి.మీ.కి పెంచితే, వంపుని ముట్టుకోకుండానే దాదాపు 25 మి.మీ. కలుస్తుంది. అప్పుడు దిగిన మూతి ఇంకో 4 మి.మీ. పైకి వస్తుంది, మెట్టు ఆ మేరకు పెంచాలి. బరువు కూడా సరిపోదు: 4.3 కిలోలు 165 మీద ఉంటే, 15 ప్లేట్లతో లేపే బలం దాదాపు 40 శాతం తగ్గుతుంది. 17 ప్లేట్లు వేయాలి. అవి షెడ్డులోనే ఉన్నాయి. కొత్త పక్కలకి డ్రాయింగ్ వేసి లేజర్ కటింగ్‌కి ఇచ్చాను. ఈసారి డ్రాయింగ్ మీద మొదట గీసింది మెట్టు మీద నిలబడ్డ 140 మి.మీ. మనిషిని, చేతిలో 275 మి.మీ. కర్రతో.